మట్టిగుట్టల మీద మేత

గోదావరి వెంట రామగుండం నుంచి మణుగూరు దాకా పోతుంటే ఊళ్లకంటే ఎత్తుగా లేచిన మట్టిగుట్టలు కనిపిస్తాయి. ఓపెన్‌కాస్టు గనుల్లో బొగ్గు పైనుంచి తీసిన మట్టీ రాయీ పోయగా పోయగా ఏర్పడ్డవి అవి. 1889లో ఇల్లందు దగ్గర తవ్వకం మొదలైన రోజుల్లో పనంతా భూమి లోపలే జరిగేది. ఇప్పుడు సింగరేణి సంస్థ తీసే బొగ్గులో అత్యధిక భాగం ఓపెన్‌కాస్టుల నుంచే వస్తోంది. ఒక టన్ను బొగ్గు చేతికి రావాలంటే సుమారు ఐదారు ఘనపు మీటర్ల మట్టి, రాయి తీసి పక్కన పోయాలి.

2020 జనవరి 8న సుప్రీంకోర్టు కేంద్రానికి ఒక ఆదేశం ఇచ్చింది. తవ్వకం ముగిశాక గని నేలలో తిరిగి గడ్డి పెంచాలి, పశుగ్రాసానికీ చెట్టుచేమలకూ జీవజాలానికీ పనికొచ్చే స్థితికి దాన్ని తేవాలి, ఈ షరతును ప్రతి మైనింగ్ లీజులోనూ పెట్టాలి అన్నది దాని సారాంశం. అదే నెలలో కేంద్ర పర్యావరణ శాఖ ఆ షరతును తన అనుమతుల్లో చేర్చింది. కాగితం మీద పని పూర్తయింది. నేల మీద అది సాధ్యమేనా అన్నదే ఈ సంవాదం.

మాట్లాడేవాళ్లు మేనమామ, మేనల్లుడు. మామ ఓపెన్‌కాస్టులో డంపు, అంటే ఆ మట్టిగుట్ట మీద పనిచేసి దిగిపోయినవాడు. వాళ్ల మూడెకరాలూ గనికే పోయాయి. అల్లుడు వ్యవసాయ కాలేజీలో చదివి పశుగ్రాసాల మీద పనిచేస్తున్నాడు. ఇద్దరికీ పేర్లు పెట్టలేదు. బొగ్గు ఊళ్లలో ఇలాంటి మామలూ అల్లుళ్లూ ఏ వాడకు వెళ్లినా దొరుకుతారు.

అల్లుడు: కోర్టు మేత అని స్పష్టంగా చెప్పింది మామా. ఇక్కడ నేల ఉంది, నీళ్లు ఉన్నాయి. గనిలో ఊరే నీళ్లను రోజూ తోడి బయటికి పంపుతూనే ఉన్నారు, వాటితో చెరువులు కూడా నింపుతున్నారు. ఆ నీళ్లకు పైపు వేసి మళ్లిస్తే ఏడాది పొడుగునా పచ్చిమేత. పాడి రైతుకు సగం భారం దాణా ఖర్చే. పచ్చిమేత చేతికందితే ఆ భారం దిగుతుంది. ఇంత అవకాశాన్ని వదిలేసి యూకలిప్టస్ మొక్కలు నాటి ఊరుకోవడం దేనికి?

మామ: నువ్వు గుట్టను బయటినుంచి చూస్తున్నవు అల్లుడా. నేను దాన్ని పోసినోణ్ణి. లోపల ఏమున్నదో నాకెరుక. పైన అడుగో, రెండడుగులో పంట మట్టి ఉంటది. దాని కింద మొరం, దాని కింద ఇసుకరాయి, నల్ల పలకరాయి, నడుమ నడుమ అమ్ముడుపోని బొగ్గు పొరలు. తవ్వేటప్పుడు ముందుగాల వచ్చేది పైమట్టి. ముందుగాల వచ్చింది ముందుగాలనే పోస్తే గుట్ట అడుగుకు పోతది. ఆఖరుకు రెండు మూడు వందల అడుగుల కిందికెల్లి వచ్చిన రాయి గుట్ట నెత్తి మీద కూసుంటది. పాతిక కోట్ల ఏండ్లు ఎండ చూడని రాయి అది. దాంట్ల నత్రజని లేదు, ఎరువు లేదు, పురుగు లేదు. గింజలు చల్లు, వానలకు మొలుస్తయి, పచ్చగ కనిపిస్తది. సంక్రాంతి పోయినంక వచ్చి చూడు.

అల్లుడు: అందుకే పైమట్టిని విడిగా తీసి దాచాలని నియమం పెట్టారు.

మామ: నియమం మంచిదే. పని ఎట్ల నడుస్తదో గూడ విను. మట్టి తీసే పనికి ఘనపు మీటరుకు ఇంత అని పైసలు. డంపరుకు షిఫ్టులో ఇన్ని ట్రిప్పులు అని లెక్క. పైమట్టి కుప్ప రెండు కిలోమీటర్ల అవతల ఉండి, డంపు అర కిలోమీటరుల ఉంటే బండి ఎటు తిరుగుతది? ఇది ఒక్క గని సంగతి గాదు, ఏ దేశంల తవ్వినా దూరమే ఖర్చు. పైమట్టికి వేరే రేటు, వేరే లెక్కపుస్తకం లేకపోతే అది గుట్టలనే కలుస్తది.

అల్లుడు: దాచిన చోట కూడా ఇంకో నష్టం ఉంది. మట్టిని ఎత్తుగా కుప్పపోసి ఏళ్ల తరబడి వదిలేస్తే లోపలికి గాలి ఆడదు. వేళ్లతో కలిసి బతికే శిలీంధ్రాలు, సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. పదేళ్ల తర్వాత పరిచేది రంగుకు మట్టే గానీ దానిలో ప్రాణం ఉండదు. అందుకని కుప్ప రెండు మూడు మీటర్లు దాటకూడదు, దాని మీద జనుమో, పిల్లిపెసరో వేసి ఉంచాలి. అన్నిటికంటే మేలు అసలు కుప్ప పెట్టకపోవడం. కొత్తగా తవ్వబోయే చోట తీసిన పైమట్టిని, పూడ్చడం పూర్తయిన చోట అదే ఎండాకాలంలో నేరుగా పరిచేయాలి.

మామ: ఎండాకాలంల అన్నవు చూడు, అది సరైన మాట. వానాకాలంల నల్లరేగడిని డోజరుతోని తొక్కితే ఇటుక లెక్క అయితది. ఇంకోటి మరిచిపోతున్నవు. పూడ్చిన నేల మీద వంద టన్నుల డంపర్లు తిరుగుతయి. అవి తొక్కిన తొవ్వ మీద రెండడుగుల మంచిమట్టి పోసినా, వేరు రెండడుగులు దిగి ఆగుతది. నీళ్లు గూడ అక్కడనే ఆగుతయి. వానకు బురద, ఎండకు బండ.

అల్లుడు: డోజరుకు రిప్పరు తగిలించి లోతుగా చీల్చాలి, ఆ తర్వాత మట్టి పరవాలి, పరిచాక దాని మీద పెద్ద బండి తిరగకూడదు. జర్మనీలో రైన్ నది పక్కన గోధుమరంగు బొగ్గు తవ్విన నేలల్లో చేసేది ఇదే. పైన దాదాపు రెండు మీటర్ల మెత్తటి మట్టి పోస్తారు. మొదటి మూడేళ్లు లూసర్న్ గడ్డి వేస్తారు. దాని వేళ్లు నేలను తెరుస్తాయి, నత్రజని పెడతాయి. ఏడేళ్లపాటు కంపెనీయే సాగు చేసి, నేల నిలబడ్డాకే రైతుకు అప్పగిస్తుంది. ఆస్ట్రేలియాలో హంటర్ లోయలో గని నేలల మీద పెంచిన గడ్డిలో కోడెలను మేపి, పక్కన తవ్వని బీళ్లలో మేపిన వాటితో తూకం పోల్చి చూశారు. గని గడ్డి మేసినవి వెనకబడలేదు. మన పక్కనే నైవేలిలో లిగ్నైటు తవ్విన నేలకు పశువుల ఎరువు, పచ్చిరొట్ట పెట్టి పంటలు తీశారు.

మామ: రైన్ పక్కన ఆ మెత్తటి మట్టి గజాల మందం పరుచుకొని ఉన్నది, తీసి పోసిండ్రు. మనకున్నది ఒక్క అడుగు. ఆ అడుగు గూడ ఎన్నడో గుట్ట కింద పడ్డది. లేని మట్టిని ఎక్కడికెల్లి తెస్తవు? ఇంకో ఊరి చెరువు పూడిక తెస్తవా, ఇంకో రైతు చెలక గీకుతవా?

ఈ ప్రశ్నకు అల్లుడి దగ్గర సూటి జవాబు లేదు, ఎవరి దగ్గరా లేదు. పాత గుట్టల విషయంలో మామ చెప్పింది ఒప్పుకోవాల్సిందే. వాటిమీద సాగునీటి మేత అనుకోవడం మనల్ని మనం మభ్యపెట్టుకోవడం. ఇంకా తవ్వని, తవ్వబోతున్న నేలల గురించే ఇక వాదన సాగుతుంది.

అల్లుడు: సరే, గుట్టలు వదిలేద్దాం. గనిలోపలే తిరిగి పూడ్చిన నేల ఉంటుంది కదా, పాత నేలమట్టానికి దగ్గరగా. నేను చూస్తున్నది దాన్ని.

మామ: అది నయం. గుట్ట వాలు మీద నీళ్లు పారిస్తే గండ్లు పడి కిందున్న వాగు నిండుతది. గుట్ట నెత్తికి ఎక్కియ్యాలంటే కరెంటు. లెక్క చెయ్యి.

అల్లుడు: చేశాను. ఎకరానికి రెండంగుళాల తడి అంటే రెండు లక్షల లీటర్ల పైమాట. దాన్ని రెండు వందల అడుగులు ఎక్కించడానికి మోటారు నష్టాలు కలిపి యాభై, అరవై యూనిట్లు. ఎండాకాలంలో నేపియర్ గడ్డికి ఎనిమిది పది రోజులకోసారి తడి. ఆ మేతతో తీసిన పాలు ఆ కరెంటు ఖర్చు మోయలేవు. కిందనే, నీటిగుంట పక్కనే పెట్టుకుంటే మోస్తాయి.

మామ: కిందనే పెట్టినా ఇంకో ఆపద ఉన్నది. పూడ్చిన నేల ఏండ్లకేండ్లు దిగుతనే ఉంటది. మొదటిసారి నీళ్లు తగిలిన చోట ఒక్కసారిగ కుంగుతది. సిమెంటు కాలువ కడితే విరుగుతది. మడికట్టు నీళ్లు పెడితే పగుళ్లల్ల దూరి ఎటు పోతయో తెల్వదు. కింద బొగ్గు పొరలు దొర్లి ఉంటే గాలి తగిలి దానంతటదే కాలుడు మొదలైతది. పొగ లేసే నేల మీద పశువును విడుస్తవా?

అల్లుడు: విడవను. అందుకే ఆ నల్ల పొరలను లోతున పూడ్చి, పైన బంకమట్టి కప్పాలి. నీళ్లు కాలువతో కాదు, జరిపి పెట్టుకునే స్ప్రింక్లర్లతో ఇవ్వాలి. మొదటి రెండేళ్లు పశువును దింపకూడదు, కోసి తెచ్చి వేయాలి. గిట్టలు తొక్కితే పచ్చి నేల మళ్లీ బిగుసుకుపోతుంది. తొలి వానకు జీలుగ, జనుము వేసి కలియదున్నాలి. తర్వాత అంజన్ గడ్డి, స్టైలో, దశరథ గడ్డి. నేపియర్ తిండిపోతు మొక్క, దానికి పేడ, నత్రజని, లోతు మట్టి కావాలి. దాన్ని నాలుగో ఏటనో ఐదో ఏటనో, మట్టి లోతు ఉన్న చోట మాత్రమే పెట్టుకోవాలి. ముందే పెడితే రెండు కోతలు బాగా వచ్చి మూడో కోతకు పసుపెక్కుతుంది.

మామ: ఇక నీళ్ల సంగతి చెప్పు. గని నీళ్లు తాగిన బర్రె ఏమైతది?

అల్లుడు: గోదావరి లోయ బొగ్గులో గంధకం తక్కువ. అస్సాం, మేఘాలయ గనుల్లో వచ్చినట్టు పుల్లటి నీళ్లు ఇక్కడ సాధారణంగా రావు. ఆ మేరకు మనం అదృష్టవంతులం. కానీ ఉప్పులు, సల్ఫేట్లు, కాఠిన్యం ఉంటాయి. గనిగుంటలో నిలిచిన నీళ్లు ఎండకు ఆవిరయ్యే కొద్దీ అవి ఇంకా చిక్కబడతాయి. సల్ఫేటు మోతాదు మించితే పశువు మెదడుకే చేటు, థయమిన్ అందక గుడ్డిదై తూలుతుంది. గుంటనీళ్లు ఏటా పరీక్ష చేయించకుండా పారించకూడదు, తాగించకూడదు.

మామ: గడ్డిని ఎవరన్న పరీక్ష చేస్తరా?

అల్లుడు: చేయాలి. నిజానికి అసలు పరీక్ష అక్కడే. మన నల్గొండ కథే చెప్తాను. నాగార్జునసాగర్ కట్టాక ఫ్లోరైడ్ ఊళ్లలో పిల్లల మోకాళ్లు వంకరపోవడం కనిపించింది. 1970లలో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు దాన్ని పరిశీలించారు. ప్రాజెక్టు వల్ల భూగర్భజలం పైకి వచ్చి నేలలో క్షారం పెరిగింది, క్షారం పెరిగిన నేలలో జొన్న మాలిబ్డినం ఎక్కువగా పీల్చింది, అది తిన్నవాళ్ల ఒంట్లో రాగి తగ్గింది, ఉన్న ఫ్లోరైడ్‌కు అది తోడైంది అని వాళ్లు వాదించారు. నీళ్లు నేలను మార్చాయి, నేల గింజను మార్చింది, గింజ ఎముకను మార్చింది. గని నేల మీద గడ్డికీ అదే భయం. మాలిబ్డినం ఎక్కువ, రాగి తక్కువ ఉన్న మేత మేస్తే పశువు పారుతుంది, దూడలు బక్కచిక్కుతాయి, నల్ల బర్రె వెంట్రుక ఎర్రబారుతుంది. పైనుంచి డ్రోన్ ఫొటోలో మాత్రం గడ్డి నిగనిగలాడుతూనే ఉంటుంది.

మామ: ఇంత తెలిసినోనివి, ఇన్ని అడ్డాలు నీ నోటితోనే చెప్పినోనివి, ఇంకా మేత మేత అని ఎందుకు పట్టుపడుతున్నవు? నా మాట విను. తవ్విన నేల మీద అడవి పెంచు. మోదుగ, తునికి, నల్లమద్ది, వేప. దాన్ని ఇడిసిపెట్టు, అదే బతుకుతది. నీ నీళ్లు, నీ పైపులు, నీ పైసలు తవ్వని నేలకియ్యి. ఓపెన్‌కాస్టు దిగినకాడికెల్లి చుట్టుపక్కల బాయిలల్ల ఊట పడిపోయింది. బాయి ఎండినోని భూమి అట్లనే ఉన్నది, మట్టి పోలేదు, ప్రాణం పోలేదు. ఒక్క తడి ఇస్తే రేపే గడ్డైతది. చచ్చిన నేలకు నీళ్లు పోసుడు, బతికిన నేలను ఎండబెట్టుడు, ఇదేం న్యాయం?

ఈ వాదన బలమైనది. పచ్చదనం లెక్కలు రాసేవాళ్లెవరూ ఈ కోణం ఎత్తగా నేను చూడలేదు. గని తోడిన నీళ్లు మొదట చెందాల్సింది ఆ గని వల్ల బావులు ఎండినవాళ్లకే అన్నది న్యాయం. అల్లుడు కూడా దాన్ని కాదనలేదు.

అల్లుడు: నీళ్లలో మొదటి వాటా తవ్వని నేలదే, ఒప్పుకున్నాను. అడవి మాట మాత్రం ఒప్పుకోను. అడవి మీద కోపం లేదు. నువ్వు చెప్పే అడవి వేరు, అక్కడ పెరిగేది వేరు. చెట్టు నాటడానికి ఏం కావాలి? రాతి గుట్టలో ఒక గుంత, ఆ గుంతలో రెండు తట్టల మట్టి. అంతే. రెండేళ్లు ట్యాంకరుతో నీళ్లు పోస్తే మొక్క లేస్తుంది, లెక్కలో ఒక అంకె పెరుగుతుంది. గుంతకూ గుంతకూ మధ్య నేల రాయిగానే ఉంటుంది. గడ్డితో ఆ పని కుదరదు మామా. గడ్డికి నేలంతా మట్టి కావాలి, జానెడు కూడా వదలకుండా. మేత పెంచుతామని ముందే రాసుకుంటే పైమట్టిని దాచక తప్పదు. చెట్లు నాటుతామని రాసుకుంటే పైమట్టి పోయినా ఎవరూ అడగరు. తవ్వే మొదటి రోజున పైమట్టి ఎటు పోవాలో తేల్చేది, ఇరవై ఏళ్ల తర్వాత ఆ నేల ఏం కావాలని మనం రాసుకున్నామో అదే.

మామ కొంచెంసేపు జవాబు చెప్పలేదు. నన్ను అడిగితే మొత్తం సంవాదంలో నిలిచే మాట ఇది. గడ్డి విత్తనం చివర చల్లేదే కావచ్చు, మేతభూమి మాత్రం మొదటి డోజరు దిగిన రోజే దక్కడమో పోవడమో అవుతుంది. కోర్టు ఆదేశం తవ్వకం ముగిశాక జరగాల్సిన పనిగా కనిపిస్తుంది. దాన్ని తవ్వకానికి ముందు పాటించకపోతే తర్వాత పాటించే వీలే ఉండదు.

మామ: మట్టి దాచిండ్రు, పరిచిండ్రు, గడ్డి మొలిచింది అనుకుందాం. ఎవరిదా గడ్డి?

అల్లుడు: ఊరిది కావాలి.

మామ: కావాలె అంటే కాదు. మా మూడెకరాలు పట్టా భూమి. 1894 నాటి చట్టం కింద తీసుకున్నరు, తక్కువో ఎక్కువో పైసలిచ్చిండ్రు. మా ఊరికి బంచరాయి ఉండేది. ఎండాకాలం ఊరి గొడ్లన్నీ అండ్లనే. గొల్లోళ్ల జీవాలు, భూమి లేనోళ్ల బర్రెలు గూడ అండ్లనే. అది గూడ గనిల పోయింది. పట్టా ఎవరికీ లేదు గనుక పైసలు ఎవరికీ రాలేదు. 2013 చట్టం కింద ఇప్పుడు ఇచ్చేటి పరిహారంల గూడ మనిషి పేరు మీద భూమి, ఇల్లు, కూలి బతుకు లెక్కకొస్తయి. బంచరాయి మీద మేసిన ఆవు ఏ పేజీల రాస్తరు? భూమి లేనోడు రెండు బర్రెలు పెట్టుకొని బతికిండంటే ఆ బంచరాయి వల్ల. అది పోయినంక బర్రెలను అమ్మి కూలికి పోయిండు.

అల్లుడు: అందుకే మేత అంటున్నాను. అడవి పెంచితే ఆ మనిషికి కంచె అవతల నిలబడే హక్కు కూడా ఉండదు. సోలారు పలకలు పెడితే అసలే ఉండదు. మేతభూమి అయితే అతని బర్రె తిరిగి రావచ్చు.

మామ: రావచ్చు అంటున్నవు. నీళ్లు పెట్టి పెంచిన మేత విలువైన సొమ్ము అల్లుడా. నీళ్లు లేని బీడును పేదోనికి ఇడిసిపెడతరు. తడి తగిలిన మేతకు టెండరు పిలుస్తరు. పెద్ద డెయిరీ ఎవడో లీజుకు తీసుకుంటడు. గేటు పెడతడు. గొల్లోడు గేటు కాడ గడ్డి కట్టలు కొనుక్కుంటడు.

అల్లుడు: దానికి విరుగుడు ఉంది. గని మూసివేత ప్రణాళికలోనే అప్పగింత ఎవరికో రాయించుకోవాలి. బొగ్గు గనుల మూసివేతకు 2009 నుంచి మార్గదర్శకాలు ఉన్నాయి. ఓపెన్‌కాస్టుకు 2009లో హెక్టారుకు సుమారు 6 లక్షల రూపాయల చొప్పున లెక్కగట్టారు, తర్వాత ఆ రేటు మారింది. అలా లెక్కగట్టిన దానిలో ఏటా కొంత ఎస్క్రో ఖాతాలో వేయాలి, దాని మీద అజమాయిషీ కోల్ కంట్రోలరుది. అంటే మూతకు డబ్బు ముందే పక్కన పెడుతున్నారు. ఆ ప్రణాళికలో చాలాచోట్ల కనిపించే మాట ‘మొక్కల పెంపకం’. దాని పక్కన ‘ఇన్ని హెక్టార్ల మేతభూమి, ఫలానా ఊరి పంచాయతీకి, భూమి లేని పశుపోషకులకు మొదటి హక్కుతో’ అని ఒక్క వాక్యం చేర్పించాలి.

మామ: ఆ ఖాతాలకెల్లి మోటారుకు కరెంటు, పైపులకు మరమ్మతు, నీళ్ల పరీక్ష పదేండ్లు నడుస్తదా? గని మూసిన మూడో ఏట మోటారు కాలితే పంచాయతీ కట్టుతదా? గ్రామపంచాయతీ వీధిదీపాలకే బిల్లు కట్టలేక ఇబ్బంది పడుతున్నది.

అల్లుడు: నడవకపోతే సాగునీరు పరిమితంగా పెట్టాలి. వంద ఎకరాలకు నీళ్లు వద్దు. పదెకరాలకు చాలు, ఎండాకాలానికి పచ్చిమేతగా. మిగతా తొంభై ఎకరాలు వానకు పెరిగే అంజన్ గడ్డి, స్టైలో. ఆ పదెకరాల మోటారు సోలారుతో నడపొచ్చు, గుంట పక్కనే కనుక ఎత్తు తక్కువ.

మామ: పది, తొంభై. ఈ లెక్క మొదలే చెప్పి ఉంటే ఇంతసేపు అరిచేవాణ్ణి గాదు. అయినా అడవి మాట నేను ఇడువ. గుట్టల మీద అడవే. పాత డంపుల మీద నీ గడ్డి ముచ్చట ఎత్తకు.

అల్లుడు: ఎత్తను. కొత్త తవ్వకాల దగ్గర అడవి మాట నువ్వు ఎత్తకు.

మామ: పక్క ఊరి కాడ విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ పెడతరంటున్నరు. అందరు ఉద్యోగాలు అడుగుతరు, పరిహారం అడుగుతరు. అడగాల్సినవే. నేను లేచి పైమట్టి అడుగుత. ఎన్ని ఎకరాలల్ల, ఎంత మందం తీస్తరు? ఏ నెలల తీస్తరు? ఎక్కడ పోస్తరు? కుప్ప ఎత్తెంత? దానికి రేటు వేరుగ పెట్టిండ్రా? లెక్కపుస్తకం ఊరోళ్లకు చూపిస్తరా? డంపు మీద ముప్ఫై ఏండ్లు చేసినోడు అడిగితే తప్పించుకునుడు కష్టం.

అల్లుడు: నేను నీళ్ల పరీక్ష, గడ్డి పరీక్ష అడుగుతాను. బంచరాయి ఎన్ని ఎకరాలు పోతుందో సర్వే నంబర్లతో రాసి తెస్తాను.

మామ: తే. బాయిలు ఎండినోళ్ల పేర్లు గూడ ఒక కాగితం మీద రాయి. గని నీళ్లల్ల మొదటి పైపు వాళ్ల చేన్లకే అని నీ నోటితోనే చెప్పాలె. అది చెప్పకుంటే నీ మేత మాటకు నేను చెయ్యెత్త.